ఎండుద్రాక్ష వాసన

మంగళవారం ఉదయం ఏడుంబావుకు సత్యానందం సూర్యాపేటలోని తన ఆఫీసు తలుపు తీసేసరికి ఒకామె మెట్ల మీద కూర్చుని ఉంది. మిర్యాలగూడ నుంచి మొదటి బస్సుకు వచ్చానంది. పేరు పుష్పాబాయి. రామలింగయ్య రైస్ మిల్లులో ఊడ్చే పని. ఆమె భర్త సేవ్యా అదే మిల్లులో వాచ్‌మన్.

"నా మొగడు చంపలే సార్," అంది, కుర్చీలో కూర్చోకముందే.

సత్యానందం నోటు పుస్తకం తెరిచి తేదీ వేశాడు: 15 ఫిబ్రవరి 2011.

"చంపిండని ఎవరన్నరు?"

"ఇంక ఎవ్వరనలే. రేపు అంటరట."

సత్యానందానికి యాభై ఆరేళ్లు. డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి ఏడేళ్లయింది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఒక డిస్టిలరీలో బ్లెండర్. రోజుకు ముప్పై నలభై రకాల మందు వాసన చూడడం, నోట్లో వేసుకోవడం, ఉమ్మేయడం, ఏది ఎంత కలపాలో చెప్పడం అతని పని. అన్నేళ్లలో ఒక్క గుక్క కూడా మింగలేదు. చర్చిలో సంఘపెద్ద. ఈ రెండు సంగతులూ కలిపి చెబితే ఎవరూ నమ్మరు కనుక విడివిడిగానే చెబుతాడు.

పుష్పాబాయి చెప్పింది అతను వరసగా రాసుకున్నాడు. మిల్లు యజమాని రామలింగయ్య, తన బావమరిది కోదాడ భాస్కర్‌తో కలిసి బియ్యం బేరానికి దుబాయ్ వెళ్లి తొమ్మిదో తేదీ బుధవారం తిరిగొచ్చాడు. ఇద్దరూ చెరో అమెరికా విస్కీ సీసా తెచ్చుకున్నారు. గురువారం సాయంత్రం రామలింగయ్య మిల్లు మీది గదిలో తన సీసా మూత తీసి రెండు పెగ్గులు తాగాడు. ఏమీ కాలేదు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు మళ్లీ కూర్చున్నాడు. ఆరు నలభైకి సేవ్యా ఐసు, ఉడకబెట్టిన పల్లీలు తెచ్చిచ్చాడు. ఏడున్నరకు వాంతులు. ఎనిమిది యాభైకి దవాఖానలో ప్రాణం పోయింది.

"సోమారం పొద్దున పోలీసులొచ్చి సీస, గిలాస తీస్కపోయిన్రు. మా ఆయనను గూడ," అంది పుష్పాబాయి. "రిటైరైన ఎక్సైజు సారొకాయన వచ్చిండు, వెంకన్న సారని. ఆయనను భాస్కర్ సార్ పిలిపించిండు. సీస వాసన సూసి, బెల్లం వాసనొస్తుంది, గుడుంబ కలిసింది అన్నడు. మా ఆయనే అసలు మందు తాగి, సీసల గుడుంబ పోసి నింపిండట. అది ఇసమైందట. రేపు సాయంత్రానికి రాసిస్తడట. ఇచ్చినంక కోర్టుకు తోల్తరు."

"మీ ఇంట్ల గుడుంబ ఉన్నదా?"

"ఉండె. డబ్బల రెండు లీటర్లు. తండాల కాస్తరు, మా ఆయన తాగుతడు. అబద్ధమెందుకు చెప్పాలె?"

"పెద్దసారు సీస మీ ఆయన ఎప్పుడన్న ముట్టిండా?"

"మూత వాసన సూసిండు ఒకపారి. గంత ఖరీదు మందు వాసన సూసిన అని తండంత చెప్పుకున్నడు." ఆమె చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తాగితే గూడ చెప్తుండె సార్. కడుపుల మాట ఆగదు ఆయనకు."

"గురువారానికి, ఆదివారానికి నడుమ ఆ గదిల ఎవరన్న కూసున్నరా?"

"శనారం భాస్కర్ సార్ వచ్చిండు. పదకొండున్నరకు. పెద్దసారు ఊర్ల లేడు. మా ఆయన చాయ తీస్కపోతే లోపల గొళ్లెం ఉన్నది. పిలిస్తే జరసేపటికి తీసిండు. చాయ తీస్కొని మళ్ల పెట్టుకున్నడు."

సత్యానందం ఆ వాక్యం కింద గీత గీశాడు.

*

తొమ్మిది నలభైకి అతని మారుతీ కారు కోదాడలో భాస్కర్ ఇంటి ముందు ఆగింది. ముందే ఫోన్ చేశాడు కనుక భాస్కర్ వరండాలోనే ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకోని ముఖం.

"బట్టలు తీసుకెళ్దామని పొద్దున్నే వచ్చానండి. పన్నెండుకల్లా మళ్లీ మిర్యాలగూడలో ఉండాలి. అక్క ఒక్కతే అయిపోయింది," అన్నాడు. "మీరు ఆ సేవ్యా తరఫున వచ్చినా నాకేం అభ్యంతరం లేదు. నిజం తేలాలి, అంతే."

"మిల్లు ఇగ ఎవరు చూస్తరు?"

"నేనే చూడాలిగా. ఎవరున్నారు?"

"మీ బావ గారు కూతురు నవనీత గారికి అప్పజెప్పబోతున్నరని విన్న."

"బావ అనేవాడులెండి, ఉగాది నుంచి అమ్మాయి చూసుకుంటుందని. దుబాయ్ పార్టీలతో ఆడపిల్ల ఏం మాట్లాడుతుంది? పదహారేళ్లు నేను తిరిగాను ఆ మిల్లు కోసం." అక్కడ ఆగి, గొంతు తగ్గించాడు. "ఇప్పుడా సంగతులెందుకులెండి."

"మీరు తెచ్చుకున్న సీస ఉన్నదా? ఒకసారి చూడాలె."

భాస్కర్ ముఖం తేటపడింది. "అదే నేనూ అందామనుకుంటున్నానండి. అసలు సరుకు ఎలా ఉంటుందో మీలాంటి వాళ్లు చూసి చెప్పాలి. ఇందులో బెల్లం వాసన ఉందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పండి. కేసు తేలిపోతుంది."

లోపలికి వెళ్లి బీరువా తాళం తీసి సీసా తెచ్చాడు. సత్యానందం రెండు గాజు గ్లాసులు, మంచినీళ్లు, ఒక చెంచా, ఒక ఖాళీ స్టీలు గిన్నె అడిగాడు. భాస్కర్ భార్య విజయ అవి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మొన్నటిదాకా సీలే తియ్యలేదు దీనికి," అంది సీసా చూసి. "మా తమ్ముడొచ్చి అడిగినా పొయ్యలేదు."

"నీకు తెలీదులే. వచ్చిన రోజే రెండు పెగ్గులు తీసుకున్నా," అన్నాడు భాస్కర్.

"ఏమో. నేను చూళ్లేదు."

ఆమె లోపలికి వెళ్లింది. సత్యానందం సీసాను వెలుతురుకు తిప్పి లేబుల్ చదివాడు. కార్వర్ క్రీక్. అమెరికా బ్లెండెడ్ విస్కీ. ఏడు వందల యాభై మిల్లీలీటర్లు. మెడ దగ్గర గోధుమ రంగు పట్టీ. పట్టీ మీద సన్నటి అక్షరాల్లో, ఆఖరి ఆరు నెలలు రమ్ పీపాల్లో ఉంచినది అని ఉంది.

"పీపాలంటే ఏంటండీ?" అన్నాడు భాస్కర్, అతను చదవడం చూసి.

"విస్కీ తయారైనంక, అంతకుముందు ఇంకో రకం మందు పోసిన కట్టె పీపల కొన్ని నెలలు పెడ్తరు. ఆ పాత మందు వాసన దీనికి పడ్తది."

"వ్యాపారం ట్రిక్కులు," అన్నాడు భాస్కర్.

సత్యానందం గ్లాసులో రెండు చెంచాలు పోసి తెల్లటి జేబురుమాలు ముందు పెట్టి చూశాడు. తేనె రంగు ఉండాలి. ఉంది. కానీ అంచు దగ్గర, గ్లాసు వంచినప్పుడు, పలచటి ఎరుపు కనిపించింది. గ్లాసును గుండ్రంగా తిప్పి ఆపాడు. లోపలి గోడ మీద చారలు తొందరగా దిగాయి. చిక్కదనం తక్కువ.

తర్వాత వాసన. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర ఒకసారి, పెదవి దగ్గర ఒకసారి, ముక్కు కింద ఒకసారి పెట్టుకున్నాడు. మొదట ఉడికించిన మొక్కజొన్న కంకి. దాని వెనక పాలకోవా, కాస్త కొబ్బరి. కొత్త కట్టె పీపాను లోపల కాల్చి వాడతారు కనుక అమెరికా విస్కీలో ఇవి ఉండాల్సినవే. ఆ తర్వాత మరొకటి వచ్చింది. నెమ్మదిగా వచ్చి అక్కడే నిలిచింది. ఎండుద్రాక్ష.

అతను గ్లాసు దించి, ఒక నిమిషం కిటికీలోంచి వచ్చే గాలి పీల్చి, మళ్లీ ఎత్తాడు. ఎండుద్రాక్షే.

ఒక చెంచాడు నోట్లో వేసుకుని వాచీ చూశాడు. నాలుక మీద మొదట తీపి. మధ్యలో బోలు. బ్లెండెడ్ సరుకులో సాదా స్పిరిట్ సగానికి పైనే ఉంటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి రుచి పలచబడి ఉత్త ఘాటు మిగులుతుంది. ఆ ఖాళీని కప్పడానికే ఆఖరున పీపాల్లో పెడతారు. ఇక్కడ కప్పింది ద్రాక్ష. నేరేడు పండు తిన్నాక ఉండే వగరు, దవడల పక్కన, పదిహేను సెకన్లు. గిన్నెలోకి ఉమ్మేసి నీళ్లతో పుక్కిలించాడు. మిగిలినదాంట్లో అర చెంచా నీళ్లు కలిపి మళ్లీ చూశాడు. ఘాటు తగ్గి ద్రాక్ష ఇంకా స్పష్టమైంది. ఉమ్మేశాడు. నాలుగు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది ఆరేదాకా ఆగాడు. అరచేతిలో కాలిన కట్టె, ఎండుద్రాక్ష మిగిలాయి.

పుస్తకంలో రాసుకున్నాడు. రంగు: అంచున ఎరుపు. మొదలు: బాగు. నడుమ: బోలు. ముగింపు: ద్రాక్ష, వగరు, పొట్టిది. నూటికి అరవై నాలుగు. అసలు సరుకే. కల్తీ లేదు.

"మీరు గూడ తీసుకోన్రి," అన్నాడు.

"మంగళవారం నేను ముట్టనండి. చెప్పండి, బెల్లం వాసన ఉందా?"

"లేదు. ఇసుమంత గూడ లేదు."

"చూశారా మరి," అన్నాడు భాస్కర్, కుర్చీలో వెనక్కి వాలి. "అదే మాట వెంకన్న గారికి ఒక కాయితం మీద రాసివ్వండి."

సత్యానందం ఆ గోధుమ రంగు పట్టీని మరోసారి చూశాడు. రమ్ అంటే చెరకు మడ్డి, బెల్లం. రమ్ పీపాల్లో ఆరు నెలలున్న విస్కీలో బెల్లం వాసన లేదంటే ఏదో తేడా ఉండాలి. పట్టీ మీద ఉన్నది ఒకటి, నోటికి తగిలింది ఇంకొకటి. కంపెనీలో పట్టీ తప్పు అంటించారేమో. అలాంటివి తన చేతి కిందా జరిగాయి. పుస్తకంలో ఒక ప్రశ్న గుర్తు వేశాడు.

"మీది, మీ బావది ఒక్కటే రకమా?"

"ఒక్కటేనండి. ఒకే షాపు, ఒకే రేటు. బావది ఎర్ర పట్టీ. రంగులు మార్చి అమ్ముతారు, అంతే."

"చిన్న సీసల కొంచెం పోసుకుంట. రాసిచ్చేటప్పుడు ఆధారం ఉండాలె గద."

భాస్కర్ తటపటాయించాడు. "పోసుకోండి. కొంచెమే, ఖరీదైన సరుకు." సత్యానందం పోసుకుంటున్నంతసేపూ మట్టం వైపే చూశాడు. గిన్నెలో ఉమ్మేసినదాన్ని కూడా ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

గడప దాటుతూ సత్యానందం అన్నాడు. "శనివారం మీరు మిల్లు మీది గదిల కూసున్నరట గద. గొళ్లెం పెట్టుకొని."

"ఎవరు చెప్పారు?"

"సేవ్యా చాయ తెచ్చిండట. సాయంత్రం స్టేషన్‌కు పోయి ఆయనతోనే మాట్లాడుత."

"ఆ, వెళ్లాను. బావ కోసం ఎదురుచూశా. కాస్త నడుం వాల్చా." భాస్కర్ కారు దాకా వచ్చి తలుపు తనే వేశాడు. "సాయంత్రం ఎన్నింటికండీ?"

"అయిదు అయితది."

హుజూర్‌నగర్ దాటాక గానీ సత్యానందానికి తోచలేదు, ఆ టైము అతనికెందుకని.

*

మిల్లు సోమవారం నుంచి మూతబడి ఉంది. పన్నెండు యాభైకి గుమస్తా నర్సయ్య గేటు తీసి మీది గదికి తీసుకెళ్లాడు. లోపల వెంకన్న అప్పటికే సోఫాలో కూర్చుని కాయితాలు రాసుకుంటున్నాడు. ఒకప్పుడు సత్యానందం పనిచేసిన డిస్టిలరీలోనే నాలుగేళ్లు ఎక్సైజు డ్యూటీ చేసిన మనిషి. స్పిరిట్ గోదాము తాళాలు ఒకరి దగ్గర, బ్లెండింగ్ పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండేవి. ఆ నాలుగేళ్లలో ఇద్దరికీ ఒక్క విషయంలో కూడా పొత్తు కుదరలేదు.

"వచ్చినవా సత్యానందం. ఉమ్మే గిన్నె తెచ్చుకున్నవా?"

"కార్ల ఉన్నది. నీకు గూడ కావాల్నా?"

"నాకెందుకు? నేను మింగేటోణ్ని. అందుకే నాకు అసలేదో తెలుస్తది." వెంకన్న పెన్ను మూత పెట్టాడు. "సీస నా ముక్కుతోని చూసిన. బెల్లం. వాచ్‌మన్ ఇంట్ల గుడుంబ. ఇంకేం కావాలె నీకు?"

"నీ ముక్కు మీద నాకు నమ్మకమే. బెల్లం వాసన ఉండే ఉంటది."

వెంకన్న ఈ మాటకు సిద్ధంగా లేడు. అనుమానంగా చూశాడు.

సత్యానందం గది చుట్టూ తిరిగాడు. సోఫా, గాజు బల్ల, ఫ్రిజ్, గోడ అలమార. అలమారలో విస్కీ అట్టపెట్టె ఖాళీగా నిలబడి ఉంది. కార్వర్ క్రీక్. ఎర్ర పట్టీ. దాని మీద, ఆఖరి ఆరు నెలలు పోర్ట్ పీపాల్లో ఉంచినది అని ఉంది. పోర్ట్ అంటే ద్రాక్షసారా. అతను పెట్టెను దించకుండానే రెండుసార్లు చదివాడు. ఉదయం వేసిన ప్రశ్న గుర్తు పక్కన మరొకటి వేశాడు.

గోడకు ఎల్లమ్మ ఫోటో, కింద చిన్న పలక. నేలంతా మెరిసే టైల్స్.

"నర్సయ్యా, మీ సారు తాగేముందు అమ్మకు సాక పెట్టేటోడా?"

"పెట్టకుండ ఏనాడు ముట్టలే సార్," అన్నాడు నర్సయ్య. "గొర్లు కాసిన ఇంట్ల పుట్టిండు. ఎన్ని మిల్లులున్నా అమ్మకు పోసినంకనే. కింద పోస్తే టైల్స్ ఖరాబైతయని మంటి మూకుట్ల పోస్తుండె. దినానికొక కొత్త మూకుడు."

"సీసలకెళ్లి తిన్నగ పోసేటోడా, ఐసు, నీళ్లు కలిపినంకనా?"

"కలిపితే ఎంగిలి లెక్క. మూత తీసుడు, మూకుట్ల పోసుడు. ఆ తర్వాతనే గిలాస."

"ఆ మూకుళ్లు ఏం చేస్తరు?"

"తొక్కద్దు, ఊడ్వద్దు. వరండల పెడ్తం. అమాసకు కాలువల ఇడుస్తం."

సత్యానందం వెంకన్న వైపు చూశాడు. వెంకన్న పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు.

వరండా మూలలో ప్లాస్టిక్ పళ్లెంలో రెండు మట్టి మూకుళ్లు పక్కపక్కన ఉన్నాయి. మూడో తేదీ అమావాస్యకు పాతవన్నీ కాలువలో వదిలేశారని, తర్వాత సారు దుబాయ్‌లో ఉన్నాడని, తిరిగొచ్చాక కూర్చున్నది రెండే సార్లని నర్సయ్య చెప్పాడు. అంటే ఒకటి గురువారానిది, ఇంకొకటి ఆదివారానిది.

"ఏది ఏదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు వెంకన్న.

"తౌడు చూడు." సత్యానందం వంగి చూపించాడు. ఎడమవైపు మూకుడులో మిల్లు తౌడు దుమ్ము పొరగా పేరుకుని ఉంది. కుడివైపుదానిలో దాదాపు ఏమీ లేదు. "గురువారంది మూడు రోజులు మిల్లు నడుస్తుంటే ఈడ ఉన్నది. ఆదివారంది పెట్టినంక మిల్లు బంద్ అయింది."

రుమాలుతో ఆదివారం మూకుడును పట్టుకుని, నోరు తెరిచి లోపలికి వెచ్చటి ఊపిరి ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డిస్టిలరీలో రాత్రి వదిలేసిన ఖాళీ గ్లాసును పొద్దున్న చూసే పద్ధతే ఇది. మందు ఎగిరిపోయినా పీపా వాసన పోదు. గాజు కంటే కాల్చిన మట్టి ఇంకా ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. అతను మూకుడును వెంకన్నకు అందించాడు.

వెంకన్న ఊది వాసన చూశాడు. "బెల్లం. మగ్గిన అరటిపండు. నేను చెప్పిందే గద."

"వాచ్‌మన్ ఇంట్ల దొరికిన గుడుంబ శాంపిల్ నీ దగ్గరుంటది. తియ్యి."

వెంకన్న సంచిలోంచి చిన్న సీసా తీశాడు. సత్యానందం అతని అరచేతిలో నాలుగు చుక్కలు వేశాడు. "రుద్దు. రెండు నిమిషాలాగి చూడు."

వెంకన్న విసుగ్గా రుద్దాడు. రెండు నిమిషాలు గడిచాయి. అతను అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించాడు. "పులిసిన కుడితి."

"బెల్లం ఉన్నదా?"

"పోయింది."

"గుడుంబల బెల్లం వాసన పైపైన ఉంటది. ఆరినంక పులుపు మిగుల్తది. ఇగ మూకుడు మళ్ల చూడు. బెల్లం కింద ఏమున్నది?"

ఈసారి వెంకన్న తొందరపడలేదు. కళ్లు మూసుకుని చూశాడు. అతనికి ఎంత దురుసుతనం ఉన్నా ముక్కు మాత్రం అబద్ధం చెప్పదని సత్యానందానికి తెలుసు.

"కట్టె," అన్నాడు చివరికి. "కాలిన కట్టె. కొబ్బరి."

"ప్లాస్టిక్ డబ్బల ఉన్న గుడుంబకు కాలిన కట్టె వాసన ఏడికెళ్లొచ్చింది? అది గుడుంబ కాదు. అమెరికా విస్కీయే. రమ్ పీపలది. అందుకే బెల్లం. నువ్వు చూసిన వాసన నిజమే వెంకన్నా, దాని పేరే తప్పు చెప్పినవ్. ఇప్పుడు గురువారంది చూడు."

వెంకన్న దుమ్ము ఊదబోతే సత్యానందం చెయ్యి పట్టి ఆపాడు. "దుమ్ము ఉండనీ. అది గూడ సాక్ష్యమే."

వెంకన్న మూకుడును పక్కకు వంచి వాసన చూసి, తల ఎత్తాడు. "ఇది వేరే. ద్రాక్ష."

"ఎర్ర పట్టీ పెట్టె మీద రాసింది అదే, పోర్ట్ పీపలని. గురువారం సీసల పోర్ట్ ఉన్నది. ఆదివారం అదే సీసల రమ్ ఉన్నది. నడుమ ఎవరో మొత్తం మార్చిన్రు." సత్యానందం జేబులోంచి ఉదయం పోసుకున్న చిన్న సీసా తీసి మూత విప్పి అందించాడు. "ఇది పొద్దున కోదాడల, భాస్కర్ ఇంట్ల, రమ్ పీపలది అని పట్టీ ఉన్న సీసలకెళ్లి పోసుకున్న."

వెంకన్న వాసన చూశాడు. మళ్లీ గురువారం మూకుడు చూశాడు. మళ్లీ సీసా. తర్వాత రెండూ జాగ్రత్తగా పళ్లెంలో పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆయన పైసలతోనే నేనొచ్చిన," అన్నాడు.

"తెలుసు."

"ఇసం కలపాలంటే బావ సీసల ఇంత కలిపి పోతే అయిపోయేది. మార్చుడెందుకు?"

"ఏం కలిపిండో లాబ్ చెప్పాలె. ఈడ గొళ్లెం పెట్టుకొని పావుగంటల అయ్యే పని కాదనుకుంట. ఇంట్ల, తన మందుల కలిపి, ఏదన్న కూల్‌డ్రింక్ సీసల తెచ్చిండు. బావదంత ఒంపుకొని, తెచ్చింది ఆ సీసల పోసిండు. అక్కడిదాక ఎవ్వరికీ దొరకకపోతుండె. కానీ ఒంపుకున్నదాన్ని పారబోయలేకపోయిండు. గంత ఖరీదు సరుకు. ఇంటికి తీస్కపోయి, తన ఖాళీ సీస కడిగి, దాంట్ల పోసి తాళం వేసిండు. నాకు తెచ్చి పోసింది గూడ అదే. ఆయనకు అన్ని విస్కీలు ఒక్కటే, పట్టీల రంగే తేడా."

"ఇసం నానిన సీసలదా నువ్వు నోట్లో వేసుకున్నది?"

"అదే అయ్యుంటది."

వెంకన్న అతన్ని కింది నుంచి పైకి చూశాడు. "ఉమ్మినవ్ గద?"

"ఉమ్మిన."

"ఇన్నేండ్లకు నీ అలవాటు పనికొచ్చింది." వెంకన్న బల్ల మీది కాయితాలు తీసి మధ్యకు మడిచాడు. "నర్సయ్యా, ఇంకో మనిషిని తోలుకరా. పంచనామా రాద్దం. ఈ మూకుళ్లు ఇట్లనే స్టేషన్‌కు పోవాలె. సేవ్యాను సాయంత్రానికి ఇంటికి తోలిపిస్త. తప్పు నాది." గడప దగ్గర ఆగాడు. "సత్యానందం, ఒక లెక్క తప్పుతున్నది. బావ రెండు పెగ్గులు తాగిండు, మట్టం అంతే ఉండాలె. బావ సీసల ఆరువందల ముప్పయికి ఎక్కువ పట్టదు. భాస్కర్ సీస నిండుది, ఏడువందల యాభై. ఇసం మందు ఇంక రెండు పెగ్గులు మిగలాలె. అదేడ పోయింది?"

సత్యానందం ఆ లెక్క పుస్తకంలో రాసుకున్నాడు. పారబోసే మనిషైతే ఈ కేసులో ద్రాక్ష వాసనే దొరికేది కాదు.

రెండుంబావుకు అతని ఫోన్ మోగింది. పుష్పాబాయి.

"ఇడిసిపెట్టిన్రు సార్." గొంతులో ఏడుపు, నవ్వు కలిసిపోయి ఉన్నాయి. "మిల్లు మనిషే, పూచీ నాది, రేపు నేనే తీస్కొస్త అని భాస్కర్ సార్ సంతకం పెట్టిండట. ఒంటిగంటకే ఇడిసిన్రు. మనం ఆయనను ఊకెనే అనుమానపడ్డం సార్."

"సేవ్యా నీ దగ్గరున్నడా?"

"ఇంక రాలే. సార్ కార్లనే ఉన్నడు. ఇప్పుడే మాట్లాడిండు. కాలువ కట్ట మీద ఆపిన్రట. రెండు దినాలు పరేషాన్ అయినవ్, జర తాగు అని సార్ బిర్యానీ తెచ్చిండట, మందు గూడ తెచ్చిండట. ఫారిన్‌ది. మా ఆయన మురుస్తుండు సార్, ఈసారి మూత వాసన కాదు, మందే అని."

వెంకన్న ఆ మాటలు విన్నాడు. మెట్ల వైపు కదిలాడు.

"ఏ కట్ట? ఏ ఊరి దగ్గర?" అన్నాడు సత్యానందం ఫోన్‌లో.

"అది చెప్పలే సార్."

"పుష్పాబాయీ, ఇప్పుడే సేవ్యాకు ఫోన్ చెయ్యి. అది ముట్టొద్దని చెప్పు. ఇప్పుడే."



"మా ఆయన ఫోన్ స్టేషన్లనే ఉన్నది సార్," అంది పుష్పాబాయి. "భాస్కర్ సార్ ఫోన్లకెళ్లే మాట్లాడిండు."